గోడల మీది గాజు

మా టీచరమ్మగారు పోయారన్న కబురు నేను మెట్రో మెట్లు దిగుతుండగా వచ్చింది. ఇంటివాళ్ల కోడలు ఫోను చేసి, "దీదీ, పైనున్న టీచర్‌దీ..." అని ఆగిపోయింది. దిగిన మెట్లే మళ్లీ ఎక్కి ఇంటికి వచ్చేశాను. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ అలాగే వెళ్లిపోయారట. చదివేసిన కాగితాల మీద ఎప్పటిలాగే ఆవిడ గాజు ముద్ద బరువుగా పెట్టి ఉంది. పైన ఫ్యాను గిర్రున తిరుగుతున్నా ఒక్క కాగితమూ చెదరలేదు. గది చిందరవందరగా ఉంటే ఆవిడకి మహా చిరాకు. పోయేటప్పుడు కూడా సర్దుకునే పోయారు.

ఇది చదివేవాళ్లలో ఆవిడని ఎరిగినవాళ్లు కొందరుంటారు. ఖిదిర్‌పూర్‌లో ఆవిడ దగ్గర భూగోళం చదువుకున్న పిల్లల్లో కొందరికి ఇప్పుడు మనవలున్నారు. ఎరగనివాళ్ల కోసం చెబుతాను. ఆవిడ పుట్టింది ఈ కలకత్తాలోనే, వాట్‌గంజ్‌లో, రేవు కూలీల ఇళ్లలో. శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ పాతుకుపోయిన క్రైస్తవ కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక భవానీపూర్‌లో మేముండే ఇంటి పై అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకున్నారు. నేనేమో బ్యాంకు బదిలీ మీద రాజమండ్రి నుంచి వచ్చి, మళ్లీ బదిలీ రాకుండా చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయినదాన్ని. ఒకరోజు మెట్ల మీద నిలబడి ఫోనులో మా తమ్ముడికి తెలుగులో చీవాట్లు పెడుతుంటే ఆవిడ పైనుంచి తొంగి చూసి, "ఏటమ్మా, మనోళ్ళేనా? తిట్టడం అయిపోనాక పైకి రా, టీ పెడతాను," అన్నారు. బైబిలు తెలుగూ వాట్‌గంజ్ తెలుగూ కలగలిసిన ఆ మాటకి అలవాటు పడటానికి నాకు కొన్నాళ్లు పట్టింది. అది లేకుండా ఉండటం ఎప్పటికి అలవాటవుతుందో తెలీదు.

ఆ మొదటి టీ నాడే గాజు ముద్దని చూశాను. పిడికిలంత ఉంటుంది. నీలం అనలేం, ఆకుపచ్చ అనలేం, రెండింటికీ మధ్య రంగు. లోపల ఆవగింజలంత గాలి బుడగలు, ఒక పక్కన పాలు విరిగినట్టు తెల్లటి చార. వాళ్ల నాన్నగారు పనిచేసిన గాజు కంపెనీ నుంచి వచ్చిందని చెప్పారు. ఆయన గాజు ఊదేవారట. పొడుగాటి ఇనప గొట్టం చివర కరిగిన గాజుని తీసుకుని, నోటితో ఊది లాంతరు చిమ్నీలు చేసేవారట. బళ్లో పరిశ్రమల పాఠం వచ్చినప్పుడల్లా ఆవిడ ఈ ముద్దని బల్ల మీద పెట్టి, "ఇది మా నాన్న ఊపిరి," అని మొదలుపెట్టేవారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లెవరిని అడిగినా మిగతా పాఠాలు మర్చిపోయుంటారు గానీ ఆ మాట మర్చిపోలేదు.

అయితే ఆ మాట ఒప్పుకోని మనిషి ఒకాయన ఉన్నారు. ఆవిడ అన్నగారు. రేవులో క్రేను నడిపి రిటైరయి, ఖిదిర్‌పూర్‌లో కొడుకు దగ్గర ఉంటారు. ఆదివారం చర్చి అయ్యాక టీచరమ్మగారు అక్కడే భోంచేసేవారు. నన్నూ ఒకటి రెండుసార్లు తీసుకెళ్లారు. అన్నం వడ్డించేదాకా అన్నాచెల్లెళ్లు కబుర్లాడుకుంటూ బాగానే ఉంటారు. చేతులు కడుక్కున్నాక ఎవరో ఒకరు నాన్నగారి ఊసెత్తుతారు, ఇంక అంతే సంగతులు.

"గాజూ నేదు, గీజూ నేదు. అయ్య డాకులో బొగ్గు మోసినాడు. దగ్గితే నల్లగా పడేది, నాను నా కళ్లతో సూసినాను," అనేవారు ఆయన. ముద్ద సంగతేమిటంటే, ఏ ఓడలోనో దొరికిన రాయి అయి ఉంటుందని తీసిపారేసేవారు.

వాళ్ల నాన్నగారు పోయేనాటికి అన్నగారికి కాస్త జ్ఞానం వచ్చింది. ఈవిడ మరీ చిన్నపిల్ల, నాన్న ఏ పనికి వెళ్లేవాడో ఎరగదు. తల్లి తన బతుకంతా కష్టం చేసుకుంటూ, భర్త గురించి అడిగితే "కాలవ అవతల గాజు కంపెనీ" అన్న ముక్క తప్ప చెప్పలేదు. ఆ ముక్కని కూతురు పట్టుకుంది, నల్లటి దగ్గుని కొడుకు పట్టుకున్నాడు. చూసేవాళ్లకి అది ముసలివాళ్ల పంతంలా ఉండేది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. తరవాత్తరవాత తెలిసింది, తండ్రి పని గురించి ఆవిడకి ఉన్న ఆస్తి ఆ ఒక్క మాటే. ఫొటో లేదు. సమాధి మీద రాయి లేదు. ఆ గాజు కంపెనీయే లేదంటే ఆవిడకి తండ్రి కూడా లేనట్టే. ఒక్కసారి ఆ చోటు కనిపెట్టి, అక్కడ నిలబడి, అన్నగారిని కూడా తీసుకొచ్చి నిలబెట్టాలని ఆవిడ కోరిక.

కలకత్తాలో గాజు కంపెనీలు ఒకప్పుడు చాలానే ఉండేవి. పెద్దవాటి పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. లాంతరు చిమ్నీలూ మందు సీసాలూ చేసుకునే చిన్న చిన్న కొలుముల గురించి ఎవరు రాస్తారు? ఆవిడ లైబ్రరీల చుట్టూ తిరిగి విసిగిపోయారు. ఆఖరికి దారి చూపించింది ఒక ప్రహరీ గోడ. బస్సులో సీటు దొరక్క నిలబడి వెళుతుంటే, కాలవ దగ్గర ఒక పాత గోడ మీద ఎండ పడి ఏదో మెరిసింది. దొంగలెక్కకుండా గోడల మీద సిమెంటులో గాజుపెంకులు గుచ్చుతారు కదా, అలాంటి గోడే. కానీ మెరిసింది సీసా పెంకు కాదు, ముద్ద. నీలమూ ఆకుపచ్చా కాని ముద్ద.

ఆ సాయంత్రం నన్ను పైకి పిలిచి పాఠం చెప్పినట్టే చెప్పారు. గోడ మీద గుచ్చడానికి గాజుని ఎవరూ దూరం నుంచి బండి కట్టించుకుని తెచ్చుకోరు. దగ్గర్లో ఊరికే దొరికేదే తెచ్చుకుంటారు. కొలుము పక్కన పారబోసిన ముద్దలు చుట్టుపక్కల గోడలెక్కుతాయి. కాబట్టి ముద్దలు ఎటు పోతే ఎక్కువవుతున్నాయో అటే వెళ్లాలి. నది పుట్టిన చోటు వెతికే పద్ధతి ఇదేనని చెప్పి, వచ్చే ఆదివారం నుంచి నాకు పని పెట్టారు.

అలా రెండు మూడు చలికాలాలు మేమిద్దరం గోడలు చూస్తూ తిరిగాం. నాకు నడక అంటే పడదు. పైగా కాలిబాట సంగతి మీకు తెలుసు, నాలుగు అడుగులకి ఒక గొయ్యి, ఐదో అడుగులో టీ కొట్టు బెంచీ. నేను కింద చూసుకుంటూ నడుస్తుంటే ఆవిడ ఊరుకునేవారు కాదు. "పైకి చూసి నడవమ్మా. కింద చూసుకోవడానికి చెప్పులున్నాయి కదా," అనేవారు. ఆ మాట విని ఒకసారి మడమ బెణికించుకుని పదిహేను రోజులు బ్యాంకుకి కుంటుకుంటూ వెళ్లాను. ఆవిడ ఏమాత్రం పశ్చాత్తాపపడకుండా, కాలికి ఉప్పు కాపడం పెడుతూ, ఆ గోడ మీద ఉన్నవి సీసా పెంకులేనా, ముద్దలేమైనా కనిపించాయా అని అడిగారు.

గాజు ముద్దని చేతిరుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుని వచ్చేవారు. అనుమానం వచ్చిన చోటల్లా తీసి, గోడ మీది గాజు పక్కన ఎండకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవారు. చూసేవాళ్లు ఏమనుకుంటారోనని నాకు సిగ్గుగా ఉండేది. ఒక ఇంటావిడ మమ్మల్ని కార్పొరేషన్ నుంచి వచ్చామనుకుని, కొత్తగా లేపిన గోడ గురించి అడక్కుండా ఉండటానికి టీ, సందేశ్ మిఠాయీ పెట్టింది. టీచరమ్మగారు సందేశ్ తిన్నాకే మేం ఎవరమో చెప్పారు.

మొదటి చలికాలం అంతా దండగైంది. ఒక వీధిలో గోడలన్నీ ఆకుపచ్చగా ధగధగలాడుతుంటే దొరికిందనుకున్నాం. ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. తీరా వీధి చివర ఉన్నది ఖాళీ సీసాలు కొని అమ్మే గోడౌను. ఆ గాజంతా సీసాల అడుగులూ మెడలూ. తిరుగు ప్రయాణంలో బస్సెక్కాక ఆవిడ నన్ను చూసి నవ్వి, పరీక్షలో ఇలాంటి తప్పు చేసిన పిల్లని తాను ఎండలో నిలబెట్టి ఉండేదాన్నని, ఆ లెక్కన తనకి శిక్ష అయిపోయినట్టేనని అన్నారు. అప్పటి నుంచి వంపు ఉన్న పెంకుని లెక్కలోకి తీసుకోవద్దని నియమం పెట్టుకున్నాం. పటికబెల్లం ముక్కలా గట్టిగా ఉన్నదే కొలుము గాజు.

ఆ నడకల్లోనే ఆవిడ చిన్నతనం నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. అందులో ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. ఈ ఊళ్లో విశ్వకర్మ పూజనాడు పనిముట్లకి పూజ, పనికి సెలవు, ఆకాశం నిండా గాలిపటాలు. వాట్‌గంజ్‌లో కూడా అంతే, ఏ మతం పిల్లలైనా ఆ రోజు మేడల మీదే. అందరికీ తండ్రులు లటాయి పట్టుకునేవాళ్లట, అంటే గాలిపటం దారం చుట్టిన కండె. వీళ్లకి మాత్రం తండ్రికి ఆ రోజే డ్యూటీ. అన్న గాలిపటం ఎగరేస్తుంటే లటాయి ఈవిడ పట్టుకునేది. అది ఆవిడ చేతుల్లో నిలిచేది కాదు, గాలిపటం తెగిపోయేది, అన్న ఏడ్చేవాడు. చీకటి పడ్డాక తండ్రి వచ్చి రుమాల్లోంచి ఆకు దొన్నె తీసేవాడట. అందులో పూరీ, బూందీ. అది పూజ ప్రసాదమని తల్లి పిల్లల్ని ముట్టుకోనివ్వకుండా పక్కింటివాళ్లకి ఇచ్చేసేది. గాలిపటమూ పోయి, మిఠాయీ పోయి, అన్నాచెల్లెళ్లిద్దరూ ఏడుస్తూ పడుకునేవాళ్లు. అన్నగారు మటుకు ఆ కోపం వదిలిపెట్టలేదు. ఇప్పటికీ ఆ పండగనాడు తన గది కిటికీ మూసుకుని కూర్చుంటాడని చెప్పి ఆవిడ నవ్వేవారు.

చివరికి ఆ చోటు దొరికింది. కాలవ అవతల, వాట్‌గంజ్ నుంచి మరీ దూరం కాదు. నాలుగు వీధులు కలిసే చోట పాత గోడలన్నిటి మీదా ముద్దలే, సీసా పెంకు అన్నది లేదు. వాటి మధ్యలో కింద కార్లు పెట్టుకునే కొత్త అపార్టుమెంటు, దాని వెనక కూల్చడం మర్చిపోయిన ఇటుక గోడ ముక్క. ఆవిడ రుమాలు విప్పి తన ముద్దని గోడ మీది దాని పక్కన పట్టుకున్నారు. అదే రంగు, అవే ఆవగింజ బుడగలు, అదే విరిగిన పాల చార. ఎత్తిన చెయ్యి దించకపోతే నేను మోచెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం చాలాసేపు అలాగే పైకి చూస్తూ నిలబడ్డాం.

ఎదురింటి గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్న ముసలావిడ ఏం వెతుకుతున్నారని కేకేసి అడిగింది. టీచరమ్మగారు చెప్పగానే చాట పక్కన పెట్టేసి మమ్మల్ని కూర్చోబెట్టింది. ఇక్కడ గాజు కొలుము ఉండేదనీ, తన భర్త అందులో గాజు ఊదేవాడనీ, అప్పటికి తాను కొత్త కోడలిననీ బెంగాలీలో చెప్పుకొచ్చింది. టీచరమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంక అన్నగారి ముందు తలెత్తుకోవచ్చు. నాకైతే అప్పుడే వెళ్లి ఆయన్ని టాక్సీలో ఎక్కించుకు రావాలనిపించింది.

మాటల్లో విశ్వకర్మ పూజ ఊసు వచ్చింది. పూజనాడు ఊదే గొట్టాలన్నీ కడిగి, బొట్టు పెట్టి, వరసగా పడుకోబెట్టేవాళ్లట. వాటిని ఆ రోజు ఏ మతం వాడూ ముట్టుకోకూడదు. ఊదేవాళ్లందరూ ఇళ్ల దగ్గరే, తన భర్త అయితే పొద్దున్నుంచీ మేడ దిగేవాడు కాదు. కానీ కొలుముని మాత్రం ఆర్పకూడదు. మంట తగ్గితే లోపల గాజు కరిగే మట్టి కుండలు పగిలిపోతాయి. అందుకని బొగ్గు వేసే మనిషి ఒక్కడు ఉండిపోయేవాడు, పూజ లేని మతం వాడైతే అతనికే ఆ డ్యూటీ పడేది. మా ఇళ్ల నుంచి అతనికి దొన్నెలో పూరీ, బూందీ పంపేవాళ్లం, పాపం, అక్కడ తినకుండా పిల్లల కోసం రుమాల్లో కట్టుకునేవాడు అని ఆ ముసలావిడ అంది. మళ్లీ చాట అందుకుంది.

టీచరమ్మగారు ఆవిడ చెయ్యి మెల్లగా వదిలేశారు.

నాకు వెంటనే తట్టలేదు. బస్సులో కూర్చున్నాక, ఆవిడ మొహం చూస్తే తట్టింది. ఊదేవాళ్లకి సెలవు రోజున డ్యూటీలో ఉన్న మనిషి ఊదేవాడు ఎలా అవుతాడు? వాళ్ల నాన్నగారు గాజు కంపెనీలోనే పనిచేశారు, చెల్లెలి మాట నిజం. మోసింది బొగ్గు, అన్న మాటా నిజమే. ఏదో ఒకటి చెప్పాలని, మిగతా రోజుల్లో ఊదుతూ ఆ ఒక్కరోజే బొగ్గు వేసి ఉండొచ్చు కదా అన్నాను. ఆవిడ కిటికీలోంచి మొహం తిప్పకుండానే, "దగ్గు నల్లగా పడేదమ్మా. పిల్లలకి నాను ఇలాగే మార్కులు వేసేదాన్నేటి?" అన్నారు. ఆ వారం ఆవిడ గాజు ముద్దని కిటికీ గూట్లోంచి తీసి బీరువాలో పెట్టేశారు.

కొందరైతే అక్కడితో ఆగిపోతారు. కొలుము దొరికిందని అన్నగారికి చెప్పి, మిగతాది మింగేసినా అడిగేవాళ్లు లేరు. ఆవిడ అలా చెయ్యలేదు. తరవాతి ఆదివారం ముద్దని మళ్లీ రుమాల్లో చుట్టుకుని ఖిదిర్‌పూర్ బయల్దేరారు, నన్ను రమ్మన్నారు. అన్నం తిన్నారు, చేతులు కడుక్కున్నారు. ఆవిడ గోడ గురించి చెప్పారు, ముసలావిడ గురించి చెప్పారు, గొట్టాలకి బొట్లు పెట్టడం గురించి చెప్పారు. అన్నగారు వేళాకోళం చెయ్యడానికి సిద్ధంగా ఉన్న మొహంతో వింటున్నారు. "నువ్వన్నదే నిజం, అన్నియ్యా. నాన్న గాజు ఊదలేదు. బొగ్గే వేసినాడు," అని ఆవిడ ముగించారు.

ఆయన గెలిచినట్టు కనిపించలేదు. రుమాల్లోంచి ముద్దని తీసుకుని అరచేతిలో తిప్పి చూశారు. తరవాత అడిగారు.

"అయితే గాలిపటాల రోజున అయ్య అక్కడ ఒక్కడే ఉండేవోడా?"

"ఒక్కడే."

"నాకు సెప్పుంటే ఎల్లి పక్కన కూకునుందును కదా, పాపా."

అంత వయసు మనిషి ఆ మాట అని, పంచె అంచుతో మొహం తుడుచుకోవడం నేను చూశాను. టీచరమ్మగారు లేచి వెళ్లి ఆయన మంచం మీదే పక్కన కూర్చున్నారు. ఇంతకాలం తండ్రికి తన సరదా పట్టలేదని ఆయన కోపం. బొగ్గు మోశాడని తెలుసు గానీ, ఆ బొగ్గు ఏ నిప్పులోకి పోయిందో ఆయనకి తెలీదు. కోరికలో సగమే తీరిందని అనుకున్న టీచరమ్మగారికి, ఆ మిగతా సగం అన్నగారి దగ్గర ఉందని అప్పుడు తెలిసింది. ఇది నేను అనుకున్న మాట. ఆవిడని అడిగితే ఇంత పెద్ద మాటలెందుకు, టీ పెట్టు అని ఉండేవారు.

ఆవిడకి ఇంక పంతం పోయింది. గాజు ముద్ద తిరిగి కిటికీ గూట్లోకి వచ్చింది. పాత విద్యార్థులెవరైనా వచ్చి, మీ నాన్నగారి ఊపిరి బాగుందా మేడమ్ అని సరదాకి అడిగితే, ఆవిడ కూర్చోబెట్టి దిద్దేవారు. నాన్న ఊపిరి కాదర్రా, నాన్న మంట అనేవారు. తాను తప్పు చెప్పిన పాఠం ఎంతమంది బుర్రల్లో ఉండిపోయిందోనని ఆవిడ బెంగ. అందుకే పెళ్లిళ్లలో కనబడ్డ పిల్లల్ని కూడా పక్కకి లాగి సరిచెప్పేవారు.

ఆ ఏడు విశ్వకర్మ పూజనాడు ఆవిడ బజారు నుంచి ఒక మట్టి కుంపటీ, బుట్టెడు బొగ్గూ తెప్పించి మేడ మీద పెట్టారు. చుట్టూ అన్ని మేడల మీదా గాలిపటాలు, కేకలు. ఆవిడ ఒక పీట వేసుకుని పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆ కుంపటి ఆరకుండా చూసుకున్నారు. దాని మీద కెటిల్ పెట్టి, మేడెక్కిన ప్రతివాళ్లకీ టీ పోశారు. ఇదేమిటండీ అని ఇంటివాళ్లు అడిగితే, ఈ రోజు తనకి డ్యూటీ అన్నారు. క్రైస్తవులు విశ్వకర్మకి పూజ చేస్తున్నారా అని నేను ఏడిపిస్తే, పూజ చేసేవాళ్లకి సెలవు, తనకి లేదు కాబట్టి ఇది పూజ కాదని తేల్చారు. కింద నుంచి ఇంటివాళ్లు ప్రసాదం పంపారు. ఆవిడ అటూ ఇటూ చూసి, "అమ్మ చూడకుండా," అని బూందీ నోట్లో వేసుకున్నారు. అప్పుడు ఆవిడ మొహం మీరు చూసి ఉండాల్సింది. ఆ తరవాత ఏటా కుంపటి వెలిగింది. అన్నగారిని రమ్మంటే ఆయన మోకాళ్లు సహకరించవనో మరోటనో తప్పించుకునేవారు. గాలిపటాలు చూడటం ఆయనకి ఇంకా కష్టమేనని ఆవిడకి తెలుసు. బలవంతపెట్టలేదు.

ఆవిడ నాకు చేసిన ఉపకారాలు చాలా ఉన్నాయి. జ్వరమొస్తే గంజి కాచి పోశారు, అమ్మ పోయినప్పుడు తోడు పడుకున్నారు, నా పేరు పెట్టి పిలవకుండా అమ్మా, అమ్మా అనే పిలిచారు. కానీ అన్నిటికన్నా ఎక్కువగా తలుచుకునేది ఆ నడకలనే. బ్యాంకులో కూర్చుని, బస్సులో కూర్చుని ఈ ఊళ్లో ఇన్నేళ్లు గడిపాను, ఊరిని చూడలేదు. ఆవిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తారు. తాను నమ్ముకున్న మాట తప్పని తేలితే మనిషి ఎలా ఉండాలో కూడా ఆవిడ దగ్గరే చూశాను. వేరే ఎవరి దగ్గరా నాకు అది దొరకలేదు.

వానాకాలం చివర్లో పోయారు. సమాధుల తోటలో అందరూ మట్టి వేశాక అన్నగారు నా దగ్గరికి వచ్చి గాజు ముద్ద ఎక్కడుందని అడిగారు. నేను ఇంటి నుంచి తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుంటే, ఆ బరువుకి చొక్కా ఒక పక్కకి వాలిపోయింది.

తరవాత కొద్ది రోజులకే విశ్వకర్మ పూజ వచ్చింది. కుంపటి వెలిగించాలా వద్దా అని నేను తటపటాయించాను. ఆవిడ చేతి పని, నేను చేస్తే ఏం బాగుంటుందని అనిపించింది. ఊరికే ఉండలేక పొద్దున్నే పైకి తెచ్చి పెట్టి, నిప్పు రాజెయ్యబోతుంటే మెట్ల మీద ఆగి ఆగి దగ్గు వినిపించింది. అన్నగారు. మనవడు టాక్సీలో తెచ్చి కింద దింపి వెళ్లాడట, మేడంతా ఒక్కరే ఎక్కి వచ్చారు. నేను కుర్చీ తెస్తానంటే వద్దని, టీచరమ్మగారి పీట మీదే కూర్చున్నారు. జేబులోంచి గాజు ముద్ద తీసి కుంపటి పక్కన పెట్టారు. "నువ్వు బ్యాంకుకి ఎల్లమ్మా. ఇది నాను సూసుకుంటాను," అన్నారు. బ్యాంకుకి సెలవు పెట్టానని చెప్పాను గానీ, విన్నట్టు లేదు.

మధ్యాహ్నానికి ఆకాశం నిండిపోయింది. పక్క మేడల మీద కుర్రాళ్లు అరుస్తున్నారు. ఎవరిదో గాలిపటం తెగి, ఊగుతూ వచ్చి మా పిట్టగోడకి తట్టుకుని, తోక ఆయన భుజానికి తగిలింది. ఆయన తలెత్తలేదు. బుట్టలోంచి ఒక బొగ్గు ఏరి, నిప్పు మీద మెల్లగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద వేసుకుని మళ్లీ దాని పక్కన కూర్చున్నారు.